గది వెచ్చగా కనిపిస్తే చాలదు

సూరత్ నగరానికి తూర్పున, ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద కడోదరా ఉంది. చౌరస్తా నుంచి ఏ వైపు వెళ్లినా మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, గుడ్డ తానులు మోసుకెళ్లే టెంపోలు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో తయారయ్యే పాలిస్టర్ గుడ్డ దేశమంతటా చీరలుగా, కర్టెన్లుగా, సోఫా కవర్లుగా మారుతుంది. డిసెంబరు వచ్చిందంటే గృహాలంకరణ శీర్షికలు అదే గుడ్డను చూపిస్తూ శీతకాలానికి హాలును ఎలా సింగారించుకోవాలో చెబుతాయి. పసుపు రంగు లైట్లు, దళసరి తెరలు, మెత్తటి రగ్గు, బల్ల మీద కొవ్వొత్తులు ఆ శీర్షికల్లో తప్పకుండా ఉంటాయి.

ఆ గుడ్డను నేసి, అద్ది, మడతపెట్టిన చేతులు రాత్రికి చేరుకునే గది వేరు. సూరత్‌లో దాన్ని ‘రూమ్-రసోడు’ అంటారు. అంటే ఒక గది, దానికి ఆనుకొని వంటకు కాస్త చోటు. హాలు, పడకగది, పిల్లల చదువుగది అన్నీ అందులోనే. చాలాచోట్ల పైకప్పు సిమెంటు రేకు లేదా ఇనుప రేకు, నేల నున్నటి టైల్సు. ఈ గదిని శీతకాలంలో వెచ్చగా అమర్చుకోవడం ఎలా అన్న ప్రశ్నకు అలంకరణ శీర్షికల్లో జవాబు దొరకదు. భౌతికశాస్త్రంలో దొరుకుతుంది. ఆ జవాబు ఖరీదైనది కూడా కాదు. కానీ దాన్ని సరిగా చెప్పకపోతే, వెచ్చదనం కోసం చేసే ప్రయత్నమే ప్రాణాల మీదికి తెస్తుంది.

సూరత్‌లో చలి ఎక్కడిది?

ఈ ప్రశ్న సహజం. జనవరిలో సూరత్‌లో పగలు 30 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. తెల్లవారుజామున సుమారు 15 డిగ్రీలకు దిగుతుంది. కొన్ని రోజులు ఇంకా తగ్గుతుంది. ఢిల్లీతోనో ఆదిలాబాద్‌తోనో పోలిస్తే ఇదొక చలేనా అనిపిస్తుంది. చలిగాలుల హెచ్చరికలు వెలువడేది ఎక్కువగా ఉత్తర భారతానికే.

ఆరోగ్య గణాంకాలు మాత్రం మరో కథ చెబుతాయి. 2001–2013 మధ్య మన దేశంలో ‘మిలియన్ డెత్ స్టడీ’ సేకరించిన మరణాల వివరాలను రోజువారీ ఉష్ణోగ్రతలతో పోల్చిన ఒక పరిశోధన 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. 2015లో 30–69 ఏళ్ల వయసువారిలో పక్షవాతం, గుండె రక్తనాళాల జబ్బు, శ్వాసకోశ వ్యాధులతో సంభవించిన మరణాల్లో సుమారు 1,97,000 మధ్యస్థ చలికి సంబంధించినవని అది అంచనా వేసింది. తీవ్రమైన చలితో ముడిపడిన మరణాలకు ఇది 12 రెట్లు, తీవ్రమైన వేడితో ముడిపడిన వాటికి 42 రెట్లు. ఆ పరిశోధకులు మధ్యస్థ చలి అన్నది సుమారు 14 డిగ్రీలకు పైబడిన ఉష్ణోగ్రతలనే. కడోదరాలో జనవరి రాత్రి సరిగ్గా ఆ పరిధిలోకి వస్తుంది.

దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మధ్యస్థ చలి రోజులు ఏడాదిలో ఎక్కువ కాబట్టి వాటి మొత్తం లెక్క పెద్దదిగా కనిపిస్తుంది. ఒక్కో రోజు ప్రమాదం స్వల్పమే. అయినా కారణం స్పష్టం. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. వృద్ధులకు, పసిపిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి ఇది ఎక్కువ ఇబ్బంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ ఆరోగ్య మార్గదర్శకాలు, సమశీతోష్ణ, శీతల దేశాల్లో ఇంటి లోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకుండా చూడాలన్నాయి. ఉష్ణమండలంలో ఉన్న మనకు ఆ అంకె నేరుగా వర్తించదు. అయితే వేడికి అలవాటుపడిన శరీరానికి, వెచ్చదనం కోసం కట్టని ఇంట్లో, చలి తేలికగా ఉంటుందని అనుకోవడానికీ ఆధారం లేదు.

పని తీరు దీనికి తోడవుతుంది. అద్దకం మిల్లుల్లో పాలిస్టర్‌కు రంగు ఎక్కించేది సుమారు 130 డిగ్రీల వేడిలో. గుడ్డను సాపు చేసి స్థిరపరిచే స్టెంటర్ యంత్రంలో వేడి 180 డిగ్రీలు దాటుతుంది. 12 గంటల షిఫ్టు ముగించి చెమటతో తడిసిన చొక్కాతో బయటికి వచ్చిన మనిషికి 15 డిగ్రీల గాలి ఒక్కసారిగా తగులుతుంది. తడి బట్ట నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఆ మనిషి చేరుకునే గది అతడిని తిరిగి కుదుటపరచాలి.

డెన్మార్క్ నుంచి వచ్చిన బొమ్మ

శీతకాలపు హాలు గురించి ఇప్పుడు చలామణిలో ఉన్న ఊహ చాలావరకు ఉత్తర ఐరోపాది. చలికాలపు ఇంటి హాయిని డేనిష్ భాషలో ‘హూగ’ అంటారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ‘ఈ ఏటి మాట’ తుది జాబితాలోకి ఎక్కాక ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. దాని వెంటే కొవ్వొత్తులు, ఊలు దుప్పట్లు, రగ్గుల ఫొటోలు మన ఫోన్లలోకీ వచ్చాయి.

ఆ ఫొటోల్లో కనపడనిది ఒకటుంది. డెన్మార్క్‌లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లకు ఊరుమ్మడి వేడినీటి గొట్టాలు ఉన్నాయి. గోడల్లో, కప్పులో మందమైన ఉష్ణ నిరోధక పొరలు ఉంటాయి. కిటికీలకు రెండు మూడు అద్దాలు. ఇల్లు ముందే 20 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. కొవ్వొత్తి అక్కడ నిజంగా అలంకారమే. గొట్టాలు, గోడలు లేకుండా కొవ్వొత్తిని మాత్రం తెచ్చుకుంటే ఏమవుతుంది? ఒక కొవ్వొత్తి సుమారు 70–80 వాట్ల వేడినిస్తుంది. అంటే నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి వెలువడేంత. అంతకంటే గదికి దక్కేది కాస్త మసి.

పసుపు లైటు సంగతీ అంతే. తెల్లని కాంతి కంటే పసుపు కాంతి కొందరికి వెచ్చగా అనిపించవచ్చు. దీని మీద జరిగిన ప్రయోగాలు ఒకే మాట చెప్పలేదు. ప్రభావం ఉన్నా అది స్వల్పం. ఎల్ఈడీ బల్బు రంగు మారితే ఒంట్లోంచి పోయే వేడి ఒక్క వాటు కూడా తగ్గదు. కంటికి ఇంపు కలగడం మంచిదే. కానీ అదే పరిష్కారమని నమ్మించడం మంచిది కాదు.

వేడి ఎటు పోతుంది

కూర్చున్న మనిషి శరీరం దాదాపు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. నిద్రలో అది సుమారు 70కి తగ్గుతుంది. నలుగురు పెద్దలు పడుకున్న గదిలో 280 వాట్ల పొయ్యి వెలుగుతున్నట్టే లెక్క. అలాంటప్పుడు గది చల్లగా ఎందుకుంటుంది? ఆ వేడి నిలవకుండా పోతోంది కాబట్టి.

డేనిష్ శాస్త్రవేత్త పి.ఒ. ఫాంగర్ 1970లో ప్రచురించిన గ్రంథంతో ఉష్ణ సౌఖ్యానికి ఆరు అంశాలు కారణమన్న అవగాహన స్థిరపడింది. అవి గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలు, కప్పు, నేలల ఉష్ణోగ్రత, గాలి వేగం, తేమ, మనిషి చేస్తున్న పని, ఒంటి మీద బట్ట. గోడకు వేలాడే థర్మామీటరు వీటిలో మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది. గదిలో గాలి 22 డిగ్రీలున్నా చుట్టూ ఉన్న తలాల సగటు 16 డిగ్రీలైతే, గాలి నిశ్చలంగా ఉన్నచోట ఒంటికి తెలిసేది రెండింటి సగటు. అంటే సుమారు 19 డిగ్రీలు. చల్లటి కప్పు కింద పడుకున్నవారికి తలుపులన్నీ బిగించినా చలి తగ్గదెందుకో దీనితో తెలుస్తుంది. శరీరం నుంచి వేడి కిరణాల రూపంలో నేరుగా కప్పుకు పోతుంది. మధ్యలోని గాలి దాన్ని ఆపలేదు.

రేకు కప్పు ఈ విషయంలో మరీ బలహీనం. మబ్బులేని శీతకాలపు రాత్రి ఆకాశం చాలా చల్లని తలంలా పనిచేస్తుంది. సిమెంటు రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి, బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. తెల్లవారుజామున రేకు లోపలి వైపు నీటి చుక్కలు కట్టడం అందుకే.

లెక్క వేసి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న గది కప్పు సుమారు 9.3 చదరపు మీటర్లు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, రేకు కప్పులోని ప్రతి చదరపు మీటరు గుండా సుమారు 7 వాట్ల వేడి పోతుంది. లోపల 22, బయట 16 డిగ్రీలుంటే మొత్తం కప్పు గుండా దాదాపు 400 వాట్లు పోవాలి. గదిలోని నలుగురూ కలిసి పుట్టించేది 280. ఇంట్లో వాళ్లందరి ఒంటి వేడి చాలక, కప్పు ఇంకా అప్పు అడుగుతోందన్నమాట.

గుడ్డకు ఉన్న శక్తి

చలి నుంచి కాపాడేది నిజానికి గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకున్న గాలి. కదలని గాలి వేడిని అతి తక్కువగా ప్రసరింపజేస్తుంది. పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచడమే దుప్పటి పని. ఈ సూత్రం తెలియకముందే మన ఇళ్లలో బొంత ఉంది. పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతలో ప్రతి రెండు పొరల మధ్యా ఒక గాలి పొర ఉంటుంది. గుజరాత్‌లో దాన్నే గోదడీ అంటారు. తెలంగాణ కురుమలు నల్లగొర్రె ఉన్నితో నేసే గొంగడి కూడా ఇదే పని చేస్తుంది. పైగా ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా వదిలేయదు.

సూరత్‌లోని తెలుగువారికి ఈ మాటలు కొత్తవి కావు. ఒకప్పటి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఈ నగరానికి వలస వచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపేంతగా వారి ఉనికి స్థిరపడింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలుతో దళసరిగా నేసే ఆ జంపఖానా టైల్సు నేల మీద పరిస్తే ఏం జరుగుతుందో చూడండి. టైలు, జంపఖానా రెండూ 20 డిగ్రీల్లోనే ఉన్నా పాదానికి టైలు చల్లగా, జంపఖానా గోరువెచ్చగా తగులుతాయి. టైలు పాదంలోని వేడిని వేగంగా లాక్కుంటుంది, నూలు నెమ్మదిగా తీసుకుంటుంది. పాదానికి తెలిసేది వస్తువు ఉష్ణోగ్రత కాదు, తన నుంచి వేడి పోయే వేగం.

నేల మీద పడుకునేవారు ఇక్కడే పొరపాటు చేస్తారు. కప్పుకొనే రగ్గు మీద డబ్బు పెడతారు, కింద పలచటి చాపతో సరిపెట్టుకుంటారు. ఒంటి బరువుకు కిందిపొర నలిగి, అందులోని గాలి బయటికి పోతుంది. కాబట్టి పైన ఎన్ని పొరలున్నాయో కింద అంతకు తక్కువ కాకుండా ఉండాలి. తుంగచాప, దానిపై జంపఖానా, దానిపై బొంత వేసుకుంటే ఆ వరుసకు సాటిలేదు. పగటి ఎండలో బొంతను ఆరేస్తే చెమట తేమ పోయి, అణిగిన పోగులు మళ్లీ పొంగుతాయి. అమ్మమ్మలు రోజూ పక్కబట్టలు ఎండలో వేయడంలో ఈ శాస్త్రమే ఉంది.

కప్పుకూ గుడ్డే మందు. పూర్వం ఇళ్లలో పైనుంచి దుమ్ము రాలకుండా చాందినీ కట్టేవారు. రేకు కింద కొన్ని అంగుళాల ఎడంతో చాందినీ బిగించి, అంచులు గోడలకు ఆనేలా కడితే, రేకుకూ గుడ్డకూ మధ్య గాలి పొర ఏర్పడుతుంది. పైన చెప్పిన 400 వాట్ల నష్టం లెక్క ప్రకారం సగానికంటే కిందికి, సుమారు 185 వాట్లకు దిగుతుంది. ఇప్పుడు నలుగురి ఒంటి వేడిలో కొంత మిగులుతుంది. మే నెలలో ఇదే చాందినీ, కాలిన రేకు నుంచి తల మీదికి దిగే సెగను అడ్డుకుంటుంది. ఒక్క పనికి రెండు కాలాల ఫలితం.

చాందినీకి ఒక కఠినమైన షరతు ఉంది. వంటపొయ్యి ఉన్నచోట గుడ్డ కప్పు ఉండకూడదు. పాలిస్టర్ సుమారు 255–260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట అంటుకుంటే కరిగిన చుక్కలు ఒంటి మీద పడి చర్మానికి అతుక్కుంటాయి. నూలు కరగదు, కానీ అంటుకుంటుంది. కాబట్టి పొయ్యి వైపు గుడ్డ వద్దు, విద్యుత్ తీగలకు ఆనించవద్దు. చౌకగా దొరుకుతుందని థర్మోకోల్ పలకలు అతికించడం అంతకంటే ప్రమాదం. అవి తేలిగ్గా అంటుకుని దట్టమైన విషపు పొగ వదులుతాయి.

ఎండను పిలవడం

గదిని ఉచితంగా వేడిచేసేది ఎండ. సూరత్ 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీ పై అంచు నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉంటే, ఎండ రెండు మీటర్ల లోపలికి వస్తుంది. జూన్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తికి చేరతాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ రాదు. తెర పగలు తీసి ఉంచి, సాయంత్రం ఎండ వాలగానే వేయడమే సరైన పద్ధతి. అందంగా ఉందని పగలంతా మూసి ఉంచిన దళసరి తెర ఎండను బయటే ఆపేస్తుంది. తెర గోడకు దగ్గరగా, కిటికీ కంటే వెడల్పుగా, కింది దాకా ఉంటేనే చల్లగాలి దాని వెనక నుంచి జారి రాదు.

మూసిన తలుపుల వెనక

ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం కుంపటి. గుజరాతీలో దాన్ని సగడీ అంటారు. పొగ వచ్చినంతసేపు బయట ఉంచి, బొగ్గు ఎర్రగా కణకణలాడాక లోపలికి తెచ్చి తలుపు వేస్తారు. పొగ లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. నిజం దీనికి విరుద్ధం. మంట లేకుండా కాలే బొగ్గు నుంచే కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌తో కంటే ఈ వాయువుతో 200 రెట్లకు పైగా ఎక్కువ బలంగా అతుక్కునే గుణం ఉంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలవుతుంది. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికలు కూడా అందవు. ఫ్రెంచ్ నవలాకారుడు ఎమిల్ జోలా 1902లో పారిస్‌లోని తన సొంత ఇంట్లో, పొగగొట్టం సరిగా పనిచేయక ఈ వాయువుతోనే మరణించాడు. సౌకర్యంగా అమర్చిన ఇల్లయినా ఈ వాయువు ముందు నిలవలేకపోయింది.

కుంపటి, గ్యాస్ స్టవ్ వంటివేవీ గది వేడి చేయడానికి మూసిన తలుపుల వెనక వాడకూడదు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి వస్తే తిన్న తిండిని అనుమానించే ముందు తలుపులు తెరిచి బయటికి రావాలి, 108కి ఫోన్ చేయాలి. వీధిలో వేసే నెగళ్లలోకి మగ్గాల దగ్గర మిగిలిన చిందీ, అంటే పాలిస్టర్ గుడ్డ పీలికలు చేరడం మరో సమస్య. ఆ పొగ ఊపిరితిత్తులకు కట్టెపొగ కంటే మంచిదేమీ కాదు. ఆ పీలికలను కాల్చే బదులు సంచిలో కూరి కుట్టి, పొయ్యికి దూరంగా వాడుకుంటే పరుపుకు పనికొస్తాయి.

నిప్పు లేకపోయినా గదిని పూర్తిగా బిగించడం తప్పే. పది అడుగుల గదిలో సుమారు 25 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. నలుగురు పెద్దలు నిద్రపోతే, గాలి మారని పక్షంలో, గంటలోనే కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 2,000 భాగాల చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది సుమారు 420. ఈ మోతాదు ప్రాణం తీయదు. కానీ అది గది గాలి ఎంత వాడిపోయిందో చెప్పే గుర్తు. ఒకరు వదిలిన శ్వాసనే మరొకరు పీలుస్తున్నారని అర్థం. క్షయ, ఇన్‌ఫ్లుయెంజా వంటివి వ్యాపించేది అలాంటి గదుల్లోనే. శ్వాసలోని తేమ చల్లటి గోడ మీద నీరై, బూజు పడుతుంది.

కిటికీ తెరిస్తే వెచ్చదనమంతా పోతుందన్న భయానికి ఆధారం తక్కువ. గదిలోని గాలి నిల్వ ఉంచగల వేడి చాలా స్వల్పం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కటే ఆ గాలి కంటే సుమారు 90 రెట్లు ఎక్కువ వేడిని దాచుకోగలదు. గోడలున్న గదిలో ఐదు నిమిషాలు గాలి ఆడనిస్తే పోయేది గాలిలోని వేడి మాత్రమే. గోడలు, పక్కబట్టలు, మనుషులు కలిసి దాన్ని త్వరగానే తిరిగి వెచ్చబరుస్తారు. రాత్రి కూడా పైన ఉన్న వెంటిలేటరు తెరిచే ఉండాలి. గాలి నేరుగా ఒంటికి తగలకుండా మంచం చోటు మార్చుకుంటే చాలు.

మనిషిని వెచ్చబరచడం

చలిదేశాల పాత ఆచారాలు చూస్తే ఒక ఉమ్మడి తెలివి కనిపిస్తుంది. జపాన్‌లో కొటట్సు, ఇరాన్‌లో కోర్సీ ఒకే తరహా ఏర్పాట్లు. పొట్టి బల్ల, దాని మీద పెద్ద బొంత, కింద కొద్దిపాటి వేడి. కుటుంబమంతా కాళ్లు ఆ బొంత కింద పెట్టుకుని కూర్చుంటుంది. కాశ్మీర్‌లో నిప్పులున్న కాంగ్డీని పైవస్త్రం కింద పట్టుకుంటారు. వారెవరూ గదిని వేడి చేయాలనుకోలేదు, మనిషిని వెచ్చగా ఉంచాలనుకున్నారు. నిప్పులతో వచ్చే కీడు కూడా వారికి తగిలింది. ఏళ్ల తరబడి కాంగ్డీ సెగ తగిలిన చర్మానికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు గుర్తించారు. కొటట్సులో ఇప్పుడు బొగ్గుకు బదులు విద్యుత్ వేడి వచ్చింది.

ఆ తెలివిని నిప్పు లేకుండా వాడుకోవచ్చు. ఒక కిలోవాటు రూమ్ హీటరు ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే ఎనిమిది యూనిట్ల కరెంటు. లీటరున్నర నీటిని 22 నుంచి 60 డిగ్రీలకు వేడిచేసి రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి దుప్పటిలో పెట్టుకోవడానికి అయ్యేది యూనిట్‌లో పదిహేనో వంతు. వేడి నేరుగా ఒంటికి చేరుతుంది, కప్పుకు పోదు. పసిపిల్లల దగ్గర, పాదాల స్పర్శ తగ్గిన మధుమేహ రోగుల దగ్గర మాత్రం దీన్ని ఒంటికి ఆనించకూడదు. తెలియకుండానే కాలుతుంది.

బాధ్యత అద్దెకున్నవారిదేనా?

ఇంతవరకు చెప్పినవి మనుషులు తమంతట తాము చేసుకోగలిగినవి. విషయాన్ని అక్కడితో ఆపేస్తే అన్యాయం. బొంత కుట్టుకోవడం అద్దెకున్నవారి చేతిలో ఉంది. కప్పు వారి చేతిలో లేదు.

ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో నివాస భవనాల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. దాని ప్రకారం కప్పు గుండా, ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి ప్రసరించకూడదు. రేకు కప్పు గుండా పోయేది దానికి దాదాపు ఆరు రెట్లు. నియమావళి ప్రకారం కప్పు ఉంటే ఆ పది అడుగుల గది నష్టం 400 వాట్లకు బదులు 70 లోపే ఉండేది. అయితే ఆ నియమావళిని ఉద్దేశించింది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకు. కార్మికుల వరుస గదుల్లో చాలావరకు దాని చూపు పడని చోటే ఉంటాయి. మంచి కప్పు ఎవరికి ఎక్కువ అవసరమో వారినే నియమం వదిలేసింది.

సౌఖ్యం మీద మన పరిశోధన కూడా ఇళ్లకంటే కార్యాలయాలను ముందు చూసింది. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఐదు నగరాల్లోని కార్యాలయాల్లో జరిపిన అధ్యయనం చాలా విలువైనది. ఏసీ లేని భవనాల్లో బయటి వాతావరణాన్ని బట్టి భారతీయులకు 19.6 నుంచి 28.5 డిగ్రీల దాకా వేర్వేరు ఉష్ణోగ్రతలు హాయిగా ఉంటాయని అది తేల్చింది. మన ఒంటికి సర్దుబాటు శక్తి ఉందని దీనివల్ల తెలిసింది. ఆ శక్తికి హద్దు ఉందనీ తెలిసింది. రేకు కప్పు కింద, షిఫ్టు దిగి వచ్చిన శరీరానికి ఆ హద్దు ఎక్కడన్నదే ఇప్పుడు పరిశోధన జరగాల్సిన చోటు.

వేడి ముప్పుకు మార్గం చూపింది గుజరాతే. 2010 మేలో వచ్చిన వడగాలుల తర్వాత, 2013లో అహ్మదాబాద్ దక్షిణాసియాలోనే మొదటి నగర వేడి కార్యాచరణ ప్రణాళికను తెచ్చింది. తర్వాత ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి. చలికి వేరే ప్రణాళిక రాయనక్కర్లేదు. ఉన్నదానికే కొన్ని పుటలు చేరిస్తే చాలు. ఎందుకంటే మేలో గదిని పొయ్యిగా మార్చే కప్పే జనవరిలో దాన్ని చల్లబరుస్తుంది. కప్పు కింద మంటకు ఆగే ఫాల్స్ సీలింగ్ వేయించడం, ప్రతి గదికి మూయడానికి వీల్లేని వెంటిలేటరు ఉంచడం ఇంటి యజమానుల బాధ్యత కావాలి. కార్మికులకు గదులు చూపే మిల్లులు దీన్ని భద్రతా నియమాల్లో ఒకటిగా చూడాలి. కుంపటి హెచ్చరిక గుజరాతీ, హిందీతో పాటు ఒడియా, తెలుగుల్లోనూ గేటు దగ్గర కనిపించాలి. ఏ భాషలో భయపడతారో ఆ భాషలో చెబితేనే మనసుకు పడుతుంది.

వేడి మీద దృష్టి పెట్టాల్సిన సమయంలో చలి మాట దారి మళ్లించడమే అని కొందరు అనవచ్చు. భూతాపం పెరుగుతున్న కొద్దీ వేసవి ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ కప్పు బాగుచేయడానికి పెట్టే ఒకే రూపాయి రెండు కాలాలకూ పనికొస్తున్నప్పుడు, ఒక కాలం లాభాన్ని లెక్కలోంచి తీసేయడం పొదుపు కాదు. రెండూ కలిపి చూపితేనే ఆ ఖర్చు సమర్థనీయమని యజమానికీ, అధికారికీ అర్థమవుతుంది.

విజ్ఞాన ప్రచారం చేసేవారికీ ఇందులో ఒక పాఠం ఉంది. ఉష్ణ వికిరణం, వహనం అనే మాటలు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. వాటి పక్కన ఇనుప కడ్డీ, మైనపు ముద్ద బొమ్మ ఉంటుంది. రేకు కప్పు, జంపఖానా, కుంపటి ఉండవు. సూరత్‌లో తెలుగులో చదువుకునే పిల్లవాడు తన ఇంటి కప్పు ఎన్ని వాట్లు మింగుతోందో లెక్కవేయగలిగితే, ఆ లెక్కను యజమాని ముందు పెట్టగలడు, పొగ లేని బొగ్గు గురించి ఇంట్లోవాళ్లను హెచ్చరించగలడు.

హాలును అందంగా అమర్చుకోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఒక గది ఇంట్లోనూ గోడకు రంగు తెర, నేల మీద పువ్వుల జంపఖానా మనసుకు హాయినిస్తాయి. ఆ తెర ఎండను రానిచ్చి చలిని ఆపాలి, ఆ జంపఖానా పాదానికి వెచ్చగా తగలాలి, పైన వెంటిలేటరు తెరిచి ఉండాలి. దేశానికి కావలసినంత గుడ్డ నేసే ఊళ్లో, నేసినవారి నెత్తి మీద ఒక పొర గుడ్డ, దాని పైన ఒక మంచి కప్పు ఉండటం గొంతెమ్మ కోరికేమీ కాదు.